ఆసుపత్రి గేటు దగ్గరే మొండికేసే కుక్కను ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న: మా చిట్టికి నాలుగేళ్లు. ఇంట్లో మా పాప తోక పట్టుకుని లాగినా ఏమీ అనదు. కానీ ఆసుపత్రి ఉన్న వీధి మలుపు తిరిగితే చాలు, వణుకు మొదలవుతుంది. గేటు దగ్గర నాలుగు కాళ్లూ నేలకు తన్నిపట్టి కదలదు. పోయినసారి టీకా వేయించడానికి ముగ్గురం బల్ల మీద అదిమిపట్టాం. సూది అయ్యాక చెవి చూడబోయిన సహాయకుడి చేతిని కరవబోయింది. పళ్లు తగల్లేదు గానీ నాకు ప్రాణం పోయినంత పనైంది. కొన్నాళ్లుగా ఆ చెవినే గోక్కుంటోంది. ఆరు వారాల్లో మళ్లీ టీకా ఉంది. ‘నువ్వు బుజ్జగించి పాడుచేశావు, నాలుగు తగిలిస్తే దారికొస్తుంది’ అని ఇంట్లో అంటున్నారు. నిజంగా తప్పు నాదేనా? వెళ్లే ముందు నిద్రమాత్ర ఏదైనా వేయవచ్చా? ఈ ఆరు వారాల్లో నేనేం చేయగలను?

సమాధానం: ముందు మీ ఇంట్లోవాళ్ల మాట సంగతి తేలుద్దాం. బుజ్జగించడం వల్ల కుక్కకు భయం పెరగదు. ‘కూర్చో’ అన్నప్పుడు కూర్చుంటే తాయిలం పెడతాం, కాబట్టి మళ్లీ కూర్చుంటుంది. అది దాని చేతిలో ఉన్న పని. వణుకు దాని చేతిలో లేదు. వణికే కుక్కను నిమిరితే రేపు ఇంకాస్త ఎక్కువ వణకాలని అది లెక్కలు వేసుకోదు. మీ ఒడిలో తల పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి. గొంతు మాత్రం తగ్గించి, చెయ్యి నెమ్మదిగా ఆడించండి. మనం కంగారుపడుతూ గబగబా తట్టే తట్టుడు మనకు ఓదార్పుగానే ఉంటుంది గానీ కుక్కకు అలా తోచదు.

నాలుగు తగిలించడం గురించి చెప్పాలంటే, దాని ఫలితం చాలా ఖాయం. కుక్క గుర్రుమనడం మానేస్తుంది, కరవడం మానదు. గుర్రుమనడం అది మనకిచ్చే ముందస్తు హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే, ఈసారి చప్పుడు చేయకుండా నేరుగా పళ్లు దించుతుంది. చిట్టి గుర్రుమందా లేదా మీరు రాయలేదు. బహుశా అంతకుముందే చాలా చెప్పి ఉంటుంది. మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనపడేలా పక్కచూపు చూడడం, చల్లగా ఉన్నా రొప్పడం, ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోవడం, ఇవన్నీ ‘నాకు ఇబ్బందిగా ఉంది’ అనే మాటలే. ముగ్గురు కలిసి అదిమిపట్టుకుని ఉన్నప్పుడు వాటిని చూసే తీరిక ఎవరికి ఉంటుంది?

పాప తోక లాగినా ఊరుకుంటుందని మురిపెంగా రాశారు. ఆ ఆట ఇవాళే ఆపేయండి. ఊరుకోవడం వేరు, ఇష్టపడడం వేరు. ఒంట్లో ఎక్కడో నొప్పి ఉన్న రోజున అదే కుక్క అదే పాపతో ఊరుకోకపోవచ్చు.

నొప్పి అనడానికి కారణం ఉంది. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసిన వాక్యం చెవి గోక్కోవడం గురించి రాసినదే. సూదికి ఓర్చుకున్న కుక్క చెవి దగ్గరికి చెయ్యి రాగానే తిరగబడిందంటే, ఆ చెవిలో ఇన్ఫెక్షన్ ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. చెవి దగ్గర ఏదైనా వాసన వస్తోందా, లోపల ఎర్రగా ఉందా, తల ఒకవైపు వాల్చుతోందా చూడండి. చూడనివ్వకపోతే బలవంతం వద్దు. ఈ చెవి ఆరు వారాలు ఆగే విషయం కాదు. ఈ వారంలోనే డాక్టరుకు ఫోను చేసి, చెవి నొప్పిగా ఉన్నట్టుందని, కుక్క భయస్తురాలని, పోయినసారి కరవబోయిందని ముందే చెప్పండి. భయం తగ్గించే మందు గురించి కూడా అప్పుడే అడగండి. నొప్పి తగ్గకుండా మీరు ఎంత శిక్షణ ఇచ్చినా అది ఇసుక మీద కట్టిన గోడే.

ఇక అసలు పని. చిట్టికి ఆసుపత్రి అంటే ఏమిటో ఒకసారి దాని వైపు నుంచి చూడండి. కారెక్కితే ఆ మలుపు, మలుపు తిరిగితే ఆ వాసన, వాసన వెనకే జారిపోయే బల్ల, బల్ల మీద నాలుగు చేతులు, చివర సూది. ఈ గొలుసును అది నాలుగేళ్లుగా బట్టీపట్టింది. ఇవాన్ పావ్‌లోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్తకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనలకు. ఆ పరిశోధనలు చేస్తున్న రోజుల్లోనే ఆయన ఒక సంగతి గమనించాడు. తిండి నోట పడకముందే, తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కలకు నోరూరుతోంది. చిట్టి విషయంలో జరిగింది కూడా అదే, కాకపోతే తలకిందులుగా. మలుపు సూదికి గుర్తైంది. మనం చేయవలసింది ఆ గుర్తుల అర్థం ఒక్కొక్కటిగా మార్చడం.

ఇందులో చాలామంది బోల్తాపడేది వరుస దగ్గర. ముందు తాయిలం చూపించి, అది తింటుండగా కాలు పట్టుకుంటారు. రెండుసార్లు అలా జరిగితే చాలు, తాయిలం కనపడగానే మంచం కిందికి దూరే కుక్కలున్నాయి. తాయిలమే ప్రమాదానికి గుర్తైపోయింది మరి. వరుస ఎప్పుడూ ఇలాగే ఉండాలి: ముందు చెయ్యి తగలాలి, వెంటనే తాయిలం రావాలి. చెయ్యి తీసేస్తే తాయిలమూ ఆగిపోవాలి. అప్పుడు చెయ్యే శుభవార్త అవుతుంది.

తాయిలం అంటే రోజూ గిన్నెలో వేసే తిండి కాదు. ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసం లాంటిది, చిటికెన వేలి గోరంత ముక్కలుగా చేసి పెట్టుకోండి. ఈ అభ్యాసానికి తప్ప మరెప్పుడూ అది పెట్టకండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి తగిలిన పదార్థాలు, చక్కెరకు బదులుగా వాడే జైలిటాల్ కలిసిన తీపి సరుకులు కుక్కలకు విషం, కాబట్టి వాటి జోలికి పోవద్దు.

శిక్షకుడు చిరాగ్ పటేల్ ప్రచారంలోకి తెచ్చిన ‘బకెట్ గేమ్’ అనే పద్ధతి ఒకటుంది. నా దృష్టిలో చిట్టిలాంటి కుక్కలకు ఇంతకన్నా మంచిది లేదు. ఒక చిన్న డబ్బాలో తాయిలాలు వేసి, దానికి కనపడేలా, అందకుండా, స్టూలు మీద పెట్టండి. చిట్టి డబ్బా వైపు చూస్తే ఒక ముక్క ఇవ్వండి. దూకబోతే డబ్బా పైకెత్తండి, అంతే, తిట్టే పని లేదు. కొద్దిరోజుల్లో అది డబ్బా ముందు కుదురుగా కూర్చుని చూపు నిలపడం నేర్చుకుంటుంది. అప్పుడు రెండో సూత్రం: అది డబ్బాను చూస్తున్నంతసేపే మీ చెయ్యి కదులుతుంది. చూపు తిప్పుకున్నా, లేచి వెళ్లినా, చెయ్యి ఆగిపోతుంది. మళ్లీ వచ్చి డబ్బాను చూస్తే మళ్లీ మొదలు.

ఉదాహరణకు నొప్పి లేని చెవితో ప్రయత్నించారనుకోండి. చెయ్యి చెవికి జానెడు దూరం వరకు వెళ్లి ఆగుతుంది. చిట్టి డబ్బానే చూస్తోంది. ఒక ముక్క. రెండోసారి వేలి వెనుక భాగం చెవి మొదట్లో వెంట్రుకలకు తగులుతుంది. చెవి ఒక్కసారి వెనక్కి వాలి మళ్లీ నిలబడుతుంది, చూపు మాత్రం డబ్బా మీదే. ఇంకో ముక్క. మూడోసారి చెవిని పట్టుకుని పైకి మడుస్తారు. ఇప్పుడు మూతి నాక్కుంది, తల అంగుళం పక్కకు జరిగింది. వెంటనే వదిలేయండి. ‘ఇంతేగా, ఇంకొక్క క్షణం’ అనిపించేది సరిగ్గా అక్కడే. ఆ ఒక్క క్షణం కోసం ఆశపడితే నాలుగు రోజుల కష్టం పోతుంది. వదిలేస్తే దానికి ఒక కొత్త విషయం తెలుస్తుంది: వద్దు అంటే ఆగుతారు, పళ్లు చూపించనక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే, వద్దనే హక్కు దొరికిన కుక్క రానురాను వద్దనడం తగ్గిస్తుంది. జంతుప్రదర్శనశాలల్లో పులులు తమంతట తాము కటకటాల పక్కకు వచ్చి నిలబడి, తోక నుంచి రక్తం తీయించుకుంటున్నాయంటే ఈ దారిలోనే నేర్పారు. పులిని ముగ్గురు కలిసి అదిమిపట్టడం కుదరదు కదా, అందుకని అక్కడ బుద్ధి ఉపయోగించారు.

‘ఆసుపత్రిలో డాక్టరు ఇలా ఆగుతారా?’ అని మీకు సందేహం వచ్చి ఉంటుంది. అన్నిసార్లూ ఆగలేరు, అందుకే మరో నియమం. ఆపడానికి వీల్లేని పని ఏదైనా చేయవలసి వస్తే డబ్బా బయటికి తీయవద్దు. చేతిలోంచి తాయిలాలు పెట్టండి, పర్వాలేదు. డబ్బా కనపడిందంటే ఆగమంటే ఆగుతారన్న మాట మాత్రం ఎప్పటికీ తప్పకూడదు.

చెవి నయమయ్యేదాకా మిగతా ఒంటితో మొదలుపెట్టండి. పాదాలు, వేళ్ల సందులు, తోక మొదలు, పై పెదవి ఎత్తి పళ్లు చూడడం. తరువాత ఆసుపత్రిలో నిజంగా జరిగే పనులను ఇంట్లో నటించాలి. ఒక చెయ్యి మెడ కింద నుంచి, ఇంకో చెయ్యి పొట్ట కింద నుంచి పోనిచ్చి మీ ఛాతీకి హత్తుకోవడం. ముందు కాలు మోచేతి దగ్గర పట్టుకుని నెమ్మదిగా ముందుకు చాచడం, రక్తం తీసేటప్పుడు పట్టుకునేది అలాగే. భుజాల మధ్య చర్మం రెండు వేళ్లతో పైకి పట్టి, మూత పెట్టిన పెన్నుతో మెల్లగా నొక్కడం. తడి దూది రాయడం. ఒక రోజుకు రెండు మూడు నిమిషాలు చాలు. అది ‘ఇంకా ఆడదాం’ అన్నట్టు చూస్తుండగానే డబ్బా మూసేయాలి. పావుగంట సాగదీసేవారికి ఫలితం తక్కువ, విసుగు ఎక్కువ. ఒకరికి అలవాటయ్యాక ఇంట్లో ఇంకొకరితో చేయించండి, ఎందుకంటే డాక్టరు చెయ్యి మీ చెయ్యి కాదు.

ఈ అభ్యాసమంతా ఒకే చిన్న చాప మీద చేయండి, అడుగున జారనిది చూసుకోండి. ఆ చాప ఆసుపత్రికి కూడా వస్తుంది. నున్నటి బల్ల మీద గోళ్లు జారుతుంటే ఎంత ధైర్యం ఉన్న కుక్కకైనా కాళ్లు వణుకుతాయి.

ఒకసారి కరవబోయింది కాబట్టి మూతికి చిక్కం అలవాటు చేయక తప్పదు. దాన్ని శిక్షగా చూడకండి. చిక్కం ఉంటే అందరి చేతులూ నిదానంగా కదులుతాయి, ఆ నిదానమే చిట్టికి కావలసింది. బుట్టలా వెడల్పుగా ఉన్నది కొనండి. లోపల నోరు తెరవగలగాలి, రొప్పగలగాలి, నీళ్లు తాగగలగాలి, సందుల్లోంచి తాయిలం అందాలి. నోరు బిగించి కట్టే గుడ్డ రకం వద్దు. కుక్కలు ఒంటి వేడిని ప్రధానంగా రొప్పడంతోనే తగ్గించుకుంటాయి, నోరు కట్టేస్తే ఒళ్లు వేడెక్కిపోతుంది. బుట్ట లోపల తాయిలం వేసి పట్టుకోండి, ముక్కు అదే లోపల పెట్టాలి, మీరు తొడగకూడదు. బుట్ట చూడగానే పరుగెత్తుకొచ్చి తల దూర్చే రోజు వచ్చాకే వెనుక పట్టీ బిగించండి.

ఈ లోపు ఆసుపత్రికి కూడా వెళ్తూ ఉండాలి, ఏ పనీ లేకుండా. మీరు కారులోనే వెళ్తారా అన్నది రాయలేదు. కారెక్కిన ప్రతిసారీ ఆసుపత్రే వస్తుంటే ముందు కారుకే వేరే అర్థం నేర్పాలి: పార్కుకు, స్నేహితుల ఇంటికి, ఊరికే ఒక చుట్టు తిప్పి ఇంటికి. దారిలో చొంగ ఎక్కువగా కార్చినా, కక్కినా అది భయం కాక ప్రయాణపు వికారం కావచ్చు. దానికి మందు ఉంది, డాక్టరును అడగండి. తరువాత వారానికి ఒకటి రెండుసార్లు ఆ మలుపు దాకా వెళ్లి, నాలుగు ముక్కలు పెట్టి, వెనక్కి వచ్చేయండి. మరోసారి గేటు దాకా. ఎంత దగ్గరికి వెళ్లాలో చిట్టే చెబుతుంది. ఇష్టమైన కోడిముక్క కూడా ముట్టుకోకపోతే దగ్గరికి వచ్చేశారని అర్థం. పది అడుగులు వెనక్కి వెళ్లండి. తింటోంది కానీ వేళ్లను కొరికినట్టు లాక్కుంటోందా? అది కూడా భయమే, కొంచెం వెనక్కే.

లోపలికి వెళ్లగలిగిన రోజున ముందే ఫోను చేసి, రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లండి. తూకం మీద నిలబెట్టడం, అక్కడి వాళ్ల చేతి నుంచి ఒక ముక్క తినడం, వచ్చేయడం. చాలా ఆసుపత్రులు ఇలాంటి రాకపోకలను కాదనవు. అమెరికాలో మార్టీ బెకర్ అనే పశువైద్యుడు 2016లో ప్రారంభించిన ‘ఫియర్ ఫ్రీ’ కార్యక్రమం సరిగ్గా ఈ పద్ధతుల్లోనే వైద్యులకు, సిబ్బందికి శిక్షణ ఇస్తోంది. మీ డాక్టరు అలాంటి శిక్షణ తీసుకోకపోయినా ఫరవాలేదు. కింద చాప మీదే పరీక్ష చేస్తారా, కారులోనే వేచి ఉండవచ్చా, నేను తల దగ్గర ఉండవచ్చా, ఈ మూడు అడిగి చూడండి. విసుక్కుంటే మరో డాక్టరును వెతుక్కోవడంలో మొహమాటం అక్కర్లేదు. ప్రశాంతంగా ఉన్న కుక్క డాక్టరుకు కూడా లాభమే. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఉష్ణోగ్రత సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. హడలిపోయిన కుక్కలో అది పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, పొట్ట బిగుసుకుంటుంది. అప్పుడు జబ్బేదో భయమేదో తేల్చడం కష్టం.

మీ నిద్రమాత్ర ప్రశ్నకు: మీ అంతట మీరు ఏదీ వేయకండి. డాక్టరు రాసి ఇస్తే మాత్రం సందేహించకండి. గాబాపెంటిన్, ట్రాజొడోన్ అనేవి ఇలాంటి భయానికి పశువైద్యులు తరచూ వాడే మందులు. సాధారణంగా బయలుదేరడానికి రెండు గంటల ముందో, ఇంకాస్త ముందో వేయమంటారు. మోతాదు బరువును, ఆరోగ్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది డాక్టరు చెప్పవలసిందే. మనుషుల కోసం తయారుచేసే గాబాపెంటిన్ ద్రవంలో జైలిటాల్ ఉండవచ్చు, కాబట్టి మందుల దుకాణంలో ‘అదే మందు’ అని ఇచ్చినా తీసుకోకండి. ఎసిప్రొమజీన్ అనే మత్తు కలిగించే మందు ఒక్కటే ఇస్తే ఒళ్లు తూలుతుంది, లోపల భయం అలాగే ఉంటుంది. కదలలేక భయపడడం మరింత నరకం కదా. ఏ మందు రాసినా, అపాయింట్‌మెంటుకు ముందు ఒక ఖాళీ రోజున ఇంట్లో వేసి చూస్తానని చెప్పండి. ఎంతసేపటికి పనిచేస్తుంది, తూలుతుందా, చిరాకుపడుతుందా అన్నది అప్పుడే తెలుస్తుంది. భయం మొదలయ్యాక వేస్తే చాలా మందులు సరిగా పనిచేయవు, ఇంటి దగ్గరే వేయాలి. మందు వాడడం శిక్షణలో ఓడిపోవడం కాదు. హడలిపోయిన మెదడుకు కొత్త పాఠం ఎక్కదు, మందు ఆ హడలు తగ్గిస్తే మీ డబ్బా ఆటే ఇంకా బాగా ఎక్కుతుంది.

వెళ్లే రోజున పెద్దగా చేయవలసింది ఏమీ లేదు. ముందు బాగా నడిపించి, మల మూత్రాలు కానివ్వండి. తిండి కొంచెం తగ్గిస్తే తాయిలాల మీద ఆశ ఉంటుంది. మధుమేహం ఉన్న కుక్కలకు ఇది వర్తించదు. మత్తు ఇచ్చే అవకాశం ఉంటే పూర్తిగా డాక్టరు చెప్పినట్టే చేయండి. చాప, చిక్కం, తాయిలాలు సర్దుకోండి. లోపల మిగతా కుక్కలు మొరుగుతుంటే బయటే ఉండి, పిలిచాక వెళ్లండి. సూది పడేటప్పుడు మెత్తటి తాయిలం ఏదైనా చెంచాకు పూసి నాకిస్తూ ఉండండి, చాలా కుక్కలకు సూది పడిన సంగతే తెలియదు. అదే రోజు గోళ్లు కత్తిరించడం, స్నానం లాంటివి కలపకండి. బాగా బెదిరిన ఒళ్లు సర్దుకోవడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది, ఇంటికి వచ్చాక ఒంటరిగా పడుకుంటానంటే వదిలేయండి. పాపను కూడా దూరంగా ఉంచండి.

ఆరు వారాలకు చిట్టి పూర్తిగా మారకపోవచ్చు. గేటు దాకా నిమ్మళంగా వచ్చి, లోపల వణికితే అది కూడా ముందడుగే. ఆ కారణంతో టీకా మాత్రం వాయిదా వేయకండి, రేబీస్ టీకా అయితే అసలే వద్దు. పోయినసారిలా ముగ్గురు కలిసి పట్టుకోవలసిన పరిస్థితి వచ్చేలా ఉంటే పని అక్కడే ఆపమని, మత్తు ఇచ్చి చేయడం గురించి మాట్లాడుకుందామని డాక్టరుతో ముందే ఒప్పందం చేసుకోండి. బల్ల మీద కుక్క పెనుగులాడుతుండగా ఆ మాట ఎవరికీ గుర్తురాదు, అందుకే చెవి కోసం ఈ వారం చేసే ఫోనులోనే అది కూడా చెప్పేయండి.